లోడు బండికి దారి

2023 జనవరి. విజయవాడ బందరు రోడ్డులో, కానూరు దగ్గర మా డ్రైవింగ్ స్కూలు. స్కూలనగానే బల్లలూ నల్లబోర్డూ ఊహించుకోకండి. ఒక షట్టరు గది, మూడు ప్లాస్టిక్ కుర్చీలు, గోడ మీద ట్రాఫిక్ గుర్తుల పటం, బయట వేపచెట్టు నీడలో ఒక తెల్ల కారు, దాని నెత్తిన ఎర్రటి ఎల్ బోర్డు. అంతే. ఆ కారులో ఎడమ సీటు నాది. అప్పటికి ఇరవై నాలుగేళ్లుగా ఆ సీట్లోంచే లోకాన్ని చూస్తున్నాను.

మా కార్లకు డ్యూయల్ కంట్రోల్ ఉంటుంది. అంటే నేర్చుకునేవాళ్ల పాదాల దగ్గర ఉన్నట్టే మా పాదాల దగ్గర కూడా ఒక బ్రేకు, ఒక క్లచ్ ఉంటాయి. ఈ బ్రేకు తొక్కీ తొక్కీ నా కుడికాలు ఎడమకాలి కంటే అరంగుళం పొడవు పెరిగిందనీ, చెప్పులు రెండు సైజుల్లో రెండు జతలు కొని ఒక్కోదాంట్లోంచి ఒక్కోటి తొడుక్కుంటాననీ కొత్తగా చేరినవాళ్లకు చెబుతుంటాను. సగం మంది వంగి నా కాళ్ల వైపు చూస్తారు. నా భార్య మాత్రం, "ఆయన చెప్పే లెక్కల్లో చివరి సున్నా తీసేసి వినండి" అంటుంది. ఇప్పుడు చెప్పబోయేదాంట్లో తీసెయ్యాల్సిందేమీ లేదు. ఇందులో తప్పు చేసింది నేనే. తన తప్పు గురించి ఎవడూ కల్పించి చెప్పుకోడు గదా.

సంక్రాంతి హడావిడి తగ్గిన వారంలో ఒక ఉదయం ఇద్దరు వచ్చారు. ఆవిడకు యాభై లోపు ఉంటుంది. నేత చీర, భుజం మీద తువ్వాలు, ఎండకు నల్లబడిన ముంజేతులు. పేరు నాగేంద్రమ్మ. వెనకాల ఆవిడ భర్త వీరయ్య గారు, మెడ చుట్టూ మఫ్లరు, చేతిలో మూత ఉన్న స్టీలు గ్లాసు. ఉయ్యూరు దగ్గర పల్లె వాళ్లది. చెరుకు వ్యవసాయం.

"కారు నేర్చుకోవాలా అమ్మా?" అన్నాను.

"కారు వచ్చండీ. ట్రాక్టరూ వచ్చు. లైసెన్సు పదకొండేళ్ల నాడే తీశా. హైవే ఎక్కటం రాదు. అదొక్కటీ నేర్పండి. పది రోజులే టైముంది."

పది రోజులనగానే నాలో ఉన్న గొప్పలరాయుడు లేచి కూర్చున్నాడు. "పది రోజులెందుకమ్మా? నా దగ్గర కంకిపాడు గేదె ఒకటి రోజూ రోడ్డు పక్కన నిలబడి నా పాఠాలు వినేది. ఒకరోజు కుడివైపు చూసింది, ఎడమవైపు చూసింది, తోక కుడికి ఊపింది, లారీల మధ్య గ్యాపు చూసుకుని దర్జాగా హైవేలో కలిసిపోయింది" అన్నాను.

ఆవిడ నవ్వలేదు. "తోక ఊపిందంటే ఇండికేటరు కూడా ఏసిందన్నమాట. ఫీజు కట్టిందా మాస్టారూ?" అంది.

అప్పుడే అనుకున్నాను, ఈవిడ దగ్గర నా సరుకు అంత తేలిగ్గా అమ్ముడుపోదని.

పది రోజుల సంగతి ఆవిడే చెప్పింది. వీరయ్య గారికి గొంతులో క్యాన్సర్. గుంటూరు వైపు ఒక పెద్ద ఆసుపత్రిలో రేడియేషన్ పెట్టాలన్నారు. వారానికి ఐదు రోజులు, ఆరు వారాల పైన, రోజూ వెళ్లి రావాలి. మధ్యలో మానకూడదు. గొంతు అప్పటికే పోయింది, మాట గుసగుసలా వస్తుంది. నోట్లో ఊరేది మింగలేక గ్లాసులో ఊస్తూ ఉండాలి.

"మొన్న పరీక్షలకి అద్దె కారులో ఎళ్లామండీ. ఈయన గ్లాసులో ఊసినప్పుడల్లా ఆ డ్రైవరు అద్దం దించి మొహం బయటికి పెట్టేవాడు. ఏం అనలేదు పాపం. కానీ ఈయన చూశాడు. ఇంటికొచ్చి, ఇంక పరాయివాడి బండెక్కను, వైద్యమన్నా మానేస్తాను అన్నాడు. బస్సులో అసలు కుదరదు. మా తమ్ముడి కారుంది గానీ వాడికి ఉద్యోగం, రోజూ రాలేడు. ఇంక నేనే నడపాలి."

వీరయ్య గారు తల దించుకుని గ్లాసు మూత సర్దుకుంటున్నారు. నేను మరో గేదె కథ ఎత్తుకోలేకపోయాను.

మొదటి రెండు రోజులూ నాకు అవమానం జరిగిందనే చెప్పాలి. పెనమలూరు వెనక సందుల్లోకి తీసుకెళ్లాను. రెండు గోడల మధ్య కారుకు అటు జానెడు, ఇటు జానెడు మిగిలే సందులో రివర్సు చెయ్యమంటే, ఒక చేత్తో తిప్పుకుంటూ, పైట సర్దుకుంటూ, ఒకే ఊపులో పెట్టేసింది. పదకొండేళ్లుగా చెరుకు నింపిన ట్రాలీని ట్రాక్టరుతో రివర్సులో ఫ్యాక్టరీ కాటా మీదికి ఎక్కించిన చెయ్యి అది. పొలం పని వీరయ్య గారిది, బండి పని ఈవిడది. వాళ్లింట్లో పంపకం అలా జరిగిందట.

"మీకు నేను నేర్పడమేంటమ్మా, మీరే నాకు నేర్పాలి" అన్నాను.

"ముందు హైవే నేర్పండి. తర్వాత చూద్దాం, మీకు ట్రాక్టరు వంటబట్టుద్దో లేదో" అంది.

మూడో రోజు హైవేకి వెళ్లాం. ఆవిడ రోజూ వెళ్లాల్సిన దారి అదే. బందరు రోడ్డు నుంచి వచ్చి, సర్వీసు రోడ్డు పట్టుకుని, వారధి ఎక్కే లోపు గుంటూరు వైపు పోయే పెద్ద హైవేలో కలవాలి. కాగితాల మీద దాని పేరేదైనా, మా దగ్గర నేర్చుకునేవాళ్లకు అదే ఎక్స్‌ప్రెస్ వే.

ఇలా కలవడాన్ని మేము మెర్జింగ్ అంటాం. కలిసే చోట ఎడమ పక్కన కొంత దూరం అదనంగా ఒక వరస ఉంటుంది. దాని పేరు యాక్సిలరేషన్ లేన్, అంటే వేగం అందుకోవడానికి ఇచ్చిన దారి. చాలామంది అది ఆగి ఎదురుచూసే చోటనుకుంటారు. అక్కడే ప్రాణాలు పోతాయి. ముందు అద్దం చూడాలి, ఇండికేటరు వెయ్యాలి. అద్దంలో కనబడని మూల ఒకటుంటుంది, దాన్ని బ్లైండ్ స్పాట్ అంటాం. దానికోసం కుడి భుజం మీదుగా ఒక్క చూపు చూడాలి. హైవే మీద పోయే బళ్ల మధ్య గ్యాపు ఒకటి ఎంచుకుని, వాటి వేగం అందుకుని, ఆ గ్యాపులోకి జారాలి. చెప్పడానికి ఒక్క నిమిషం పడుతుంది. చెయ్యడానికి ఎనిమిది సెకన్లు.

నాగేంద్రమ్మ గారు అన్నీ చేసింది. అద్దం చూసింది, ఇండికేటరు వేసింది, భుజం మీదుగా చూసింది. ముల్లు అరవై దాటింది. ఆహా అనుకుంటున్నాను. లేన్ చివరికి వచ్చేసరికి మెత్తగా బ్రేకు వేసి, కారును పెళ్లిపందిరి ముందు నిలబెట్టినట్టు నిలబెట్టి, కుడిచేత్తో లారీలకు వెళ్లండి వెళ్లండి అని సైగ చెయ్యడం మొదలుపెట్టింది.

వెనకాల ఇసుక లారీ. దాని హారనుకు నా గూబ ఇప్పటికీ అదురుతుంది. టైర్లు అరిచాయి. ఆ డ్రైవరు ఎలా తిప్పాడో గానీ, లారీ మా ఎడమ పక్కన మట్టిలోకి దిగి, ఒక పక్కకి ఒరిగి, మళ్లీ పైకి లేచి ముందుకెళ్లి ఆగింది. అతను తల బయటపెట్టి మా వంశంలో ఏడు తరాల వాళ్లను పేరుపేరునా పలకరించి వెళ్లాడు.

ఆ రెండు క్షణాల్లో నాకొక సంగతి తెలిసొచ్చింది. నా వైపు బ్రేకు ఉంది, క్లచ్ ఉంది. యాక్సిలరేటర్ లేదు. కారును ఆపే శక్తి నాకుంది గానీ నడిపించే శక్తి లేదు. ఇరవై నాలుగేళ్లుగా నా కాలి గురించి చెప్పుకున్న గొప్పలన్నీ ఆ ఇసుక లారీ ముందు ఎందుకూ పనికిరాలేదు.

"ఎందుకు ఆపారమ్మా?" అన్నాను.

"లారీలొస్తన్నాయి గదండీ. పోనిచ్చి పోదామని."

"అవి ఎప్పుడూ వస్తూనే ఉంటాయమ్మా."

"రానివ్వండి. మనకేం తొందర?"

ఆ రోజు ఐదుసార్లు తిరిగొచ్చాం. ఐదుసార్లూ ఆగింది. అయితే మొదటిసారి తర్వాత నేను వెనకాల ఎవరూ లేనప్పుడే ఆ లేన్ ఎక్కనిచ్చాను.

నేను దీనికి భయం అని పేరు పెట్టాను. నా వృత్తిలో నూటికి తొంభై మందిది అదే జబ్బు, దానికి నా దగ్గర మందులు చాలా ఉన్నాయి. నిమ్మకాయ సోడా తాగించాను. టీ కొట్టు బల్ల మీద బిస్కెట్లు పేర్చి, ఇది లారీ, ఇది బస్సు, ఇది మనం అని నడిపి చూపించాను. ఆవిడ శ్రద్ధగా విని, చివర్లో మనం అనే బిస్కెట్టును టీలో ముంచుకు తినేసింది. నేను నేర్పిన ఒక ముసలాయన కళ్లజోడు మర్చిపోయి కూడా హైవే ఎక్కాడని కథ చెప్పాను. "ఆయన ఇప్పుడు ఉన్నాడా మాస్టారూ?" అంది.

నాలుగో రోజూ అంతే. ఐదో రోజూ అంతే. ఐదో రోజు సాయంత్రం షట్టరు ముందు కారు దిగాక నేనే అన్నాను.

"నాగేంద్రమ్మ గారూ, మీ చెయ్యి బంగారం. కానీ భయం పోవడానికి పది రోజులు చాలవు. ఆగితే మీకూ ప్రమాదం, వీరయ్య గారికీ ప్రమాదం. నాకు తెలిసిన డ్రైవరున్నాడు, మంచివాడు, గ్లాసు చూసి మొహం తిప్పుకోడు."

కుర్చీలో కూర్చున్న వీరయ్య గారు లేచి ఆవిడ చెవి దగ్గర ఏదో గుసగుసలాడారు. ఆయన మాటలన్నీ ఆవిడే మాకు తిరిగి చెప్పేది. ఆ మాట చెప్పలేదు.

"ఏమన్నారమ్మా?" అన్నాను.

"ఇంటికి పోదాం పద, జరిగేది జరుగుద్ది అంటన్నాడు" అంది, మఫ్లరు సర్దుతున్నట్టు ఆయన వైపు తిరిగి.

ఆ రాత్రి నాకు అన్నం సయించలేదు. సంగతంతా నా భార్యకు చెప్పాను. ఆమె నాకంటే తక్కువ మాట్లాడుతుంది, అందుకే ఎక్కువ వింటుంది.

"ఆవిడ తన నోటితో భయమేస్తోందని అందా?" అని అడిగింది.

"అనలేదు."

"మరి ఎవరన్నారు?"

"నేనే."

"అదీ సంగతి" అని పెరుగు గిన్నె నా వైపు జరిపింది.

ఇరవై నాలుగేళ్లలో నేను నా దగ్గర నేర్చుకునేవాళ్ల ఇంటికి వెళ్లి వాళ్ల బండెక్కింది లేదు. మర్నాడు ఉయ్యూరు వెళ్లాను. అది చెరుకు గానుగాడే కాలం. ఊరి బయట కొట్టిన చెరుకును ట్రాలీలో నింపుతున్నారు. నన్ను చూసి నాగేంద్రమ్మ గారు ఆశ్చర్యపోయింది గానీ ఎందుకొచ్చారని అడగలేదు.

"మడ్‌గార్డు మీద కూర్చుంటారా? పట్టుకోవాలి మరి. మా బండికి మీ బ్రేకు లేదు" అంది.

వాళ్లూరి నుంచి ఫ్యాక్టరీకి వెళ్లే దారిలో సగం కాలవ కట్టే. ఒక పక్క కాలవ, ఒక పక్క పల్లం పొలాలు, మధ్యలో ఒకే ఒక్క బండి పట్టే రోడ్డు. పోయేటప్పుడు మాది లోడు బండి. ఎదురుగా ఖాళీ ట్రాలీలతో నాలుగు ట్రాక్టర్లు వచ్చాయి. నాలుగూ దూరం నుంచే మమ్మల్ని చూసి, కాస్త వెడల్పున్న చోటు వెతుక్కుని, కట్ట అంచుకు దిగి ఆగాయి. ఈవిడ వేగం తగ్గించలేదు. తలకాయ ఆడించి వెళ్లిపోయింది. నేను పైపంచెలు గాలికెగిరే రైతుల మధ్య మహారాజులా కూర్చున్నాను.

కాటా వేసి, చెరుకు దింపి, ఖాళీ ట్రాలీతో తిరిగొస్తున్నాం. నేను ఒకసారి నా హారనుకి బ్యారేజీ గేటు తనంతట తాను లేచిందని ఒక కథ చెబుతూ సగంలో ఉన్నాను. ఎదురుగా చెరుకు లోడు. ఆవిడ మెత్తగా బ్రేకు వేసింది, అంచుకు దిగింది, ఆపింది, కుడిచెయ్యి ఎత్తి వెళ్లండి వెళ్లండి అని సైగ చేసింది.

నా కథ అక్కడే ఆగిపోయింది. అదే బ్రేకు. అదే చెయ్యి. అచ్చం హైవే మీద ఆపినట్టే.

"ఎందుకు ఆపారమ్మా?" అన్నాను.

అన్నం ఎందుకు తింటున్నారని అడిగినట్టు చూసింది నన్ను. "లోడు బండి గదండీ! అంచుకి దిగితే ఒరిగి కాలవలో పడుద్ది. ఆగితే మళ్లీ లాగటం కష్టం. ఖాళీ బండే పక్కకి తప్పుకోవాలి. మా అందరి కట్టుబాటు అది. తప్పుకోకుండా దూరాడంటే, సాయంత్రానికి పదిమందీ కలిసి ఇంటికొచ్చి అడుగుతారు."

"మరి హైవే మీద?"

"అక్కడ ఒక్కటన్నా ఖాళీ బండి ఉందా మాస్టారూ? సిమెంటు, ఇసుక, బియ్యం, ఇంత పొడుగు కంటైనర్లు. మనమేమో ఖాళీ కారేసుకుని పోతన్నాం. ఆళ్లకి అడ్డంగా ఎట్టా దూరతాను? తప్పు గదూ?"

"నేను మీకు భయమనుకున్నాను."

"భయమా? దేనికీ?" అని అడిగింది. వెటకారం కాదు, నిజంగానే అడిగింది. తర్వాత అర్థమై నవ్వడం మొదలుపెట్టింది. ఎదురొచ్చిన లోడు ట్రాక్టరు వాడు, ఏమైందక్కా అని కేకేస్తే, "ఏం లేదురా, ఈ మాస్టారు నాకు భయమనుకున్నాడంట!" అని చెప్పింది. వాడూ నవ్వుకుంటూ పోయాడు. సాయంత్రానికి ఊరంతా నవ్వి ఉంటుంది.

నేను మాత్రం మడ్‌గార్డు మీద చెమటలు తుడుచుకుంటూ కూర్చున్నాను. మూడు రోజులు లేని జబ్బుకు మందులు వేశాను. ఆవిడ చేసింది పిరికితనం కాదు, మర్యాద. పదకొండేళ్లు ఒక రోడ్డు మీద ప్రాణాలు కాపాడిన మర్యాద ఇంకో రోడ్డు మీద ప్రాణాలు తీస్తుందని ఆవిడకు ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సినవాడు బిస్కెట్లు పేరుస్తూ కూర్చున్నాడు.

ట్రాక్టరు దిగి కట్ట మీద నిలబడి అడిగాను. "లోడు బండికి అన్నిటికన్నా కష్టం ఏంటమ్మా?"

"ఆగటం."

"సర్వీసు రోడ్డులో మీరు ఆగినప్పుడు మీ వెనకాల ఏముంది?"

కాసేపు ఆలోచించింది. "ఇసుక లారీ" అంది. తర్వాత మొహం మారింది. "అయ్యో! దాన్ని మట్టిలోకి దింపాను గదా నేను."

"దింపారు. సరే, ఆగకుండా ముప్పై స్పీడులో హైవేలోకి దూరారనుకోండి. అప్పుడు వెనకొచ్చే కంటైనరు?"

"అదీ బ్రేకెయ్యాల."

"మరి ఏ లోడు బండీ బ్రేకు వెయ్యకుండా మనం కలవాలంటే?"

ఆవిడ కాలవ వైపు చూసింది. పెదవులు కదులుతున్నాయి, ఏదో లెక్క వేసుకుంటున్నట్టు. "ఆళ్ల స్పీడు మనం ముందే అందుకోవాల. అందుకుని సందులో జారిపోవాల. అప్పుడు ఎవళ్లకీ ఇబ్బంది లేదు. అంటే, నుంచుని దారివ్వటం కాదు. పరిగెడతా దారివ్వటం."

ఇరవై నాలుగేళ్లుగా మెర్జింగ్ గురించి నేను ఎన్నో మాటలు చెప్పాను. ఇంత బాగా ఒక్కసారి కూడా చెప్పలేదు. ఆ మాటను ఇప్పుడు నా మాటగానే చెప్పుకుంటున్నాను, ఆవిడకు తెలుసు.

మిగిలిన మూడు రోజులూ నేను ఆవిడకు ఒక్కటే పని పెట్టాను. కలిశాక అద్దంలో వెనక బండి ముక్కు చూడమన్నాను. లారీ డ్రైవరు బ్రేకు వేస్తే దాని ముందు భాగం కొంచెం కిందికి వంగుతుంది. వంగితే మనం తప్పు చేసినట్టు. వంగకపోతే ఆ డ్రైవరుకు మనం కలిసినట్టే తెలియలేదన్నమాట. అదే మంచి మెర్జింగ్. మొదటిసారి ఒక పాల ట్యాంకరు ముందు కలిసి, అద్దంలో చూసి, "వంగలా! మాస్టారూ, వంగలా!" అని కేక పెట్టింది. ఆ కేకకు నేనే ఉలిక్కిపడి బ్రేకు మీద కాలు వెయ్యబోయాను.

ఒక్క గొడవ జరిగింది. గుంటూరు వైపు దిగాల్సిన చోటు దాటిపోయాం. ఆవిడ చల్లగా, "రివర్సు చేస్తా ఉండండి, వంద గజాలేగా" అంది. రివర్సులో ఆవిడకు ఎదురులేదని నాకు తెలుసు, అందుకే ఎక్కువ భయపడ్డాను. "హైవే ఎక్కాక ఈ కారుకు రివర్సు గేరు ఊడిపోయిందనుకోండి. తప్పిపోతే తర్వాతి దారిలో దిగి తిరిగి రావడమే" అన్నాను. ఆవిడ సణుక్కుంటూ ఇంకో మూడు కిలోమీటర్లు పోయింది.

పదో రోజు, మొదటి రేడియేషన్. ఆవిడ తమ్ముడి కారు. దానికి డ్యూయల్ కంట్రోల్ లేదు. ఎడమ సీట్లో నేను, వెనకాల వీరయ్య గారు, ఒళ్లో గ్లాసు. సర్వీసు రోడ్డులోకి వచ్చాం. ఆ రోజు హైవే కిక్కిరిసి ఉంది. అద్దంలో ఒక నూనె ట్యాంకరు, దాని వెనకాల ఎర్ర బస్సు. ఆవిడ ఇండికేటరు వేసింది, భుజం మీదుగా చూసింది. డెబ్భై. ట్యాంకరు ముందు గ్యాపు ఉంది గానీ, ట్యాంకరు కూడా వేగం పెంచుతోంది. లేన్ అయిపోవస్తోంది. నా కుడికాలు అలవాటుగా లేని బ్రేకును వెతుక్కుంటూ ముందుకు వెళ్లింది.

ఆవిడ ఆగలేదు. ట్యాంకరుతో పోటీకీ పోలేదు. యాక్సిలరేటర్ మీద కాలు రవ్వంత తేలిక చేసింది. ట్యాంకరు మా పక్క నుంచి దాటింది. దాని తోక దాటీదాటగానే కాలు మళ్లీ నొక్కి, ట్యాంకరుకూ బస్సుకూ మధ్యలోకి, వేగం తగ్గకుండా, గీత గీసినట్టు జారింది. నేను తిరిగి బస్సు ముక్కు చూశాను. వంగలేదు. ఆవిడ నాకంటే ముందే చూసుకుంది. ట్యాంకరుకు తగినంత దూరం వదిలి, ఎడమ వరసలో, ఎనభై మీద నిలకడగా పెట్టి, అప్పుడు ఊపిరి వదిలింది. వెనక సీట్లో గ్లాసు మూత తీసిన చప్పుడు, మళ్లీ పెట్టిన చప్పుడు. ఎవరూ మొహం తిప్పుకోలేదు.

వారధి మీద కృష్ణ మీదుగా పోతున్నప్పుడు నేను నా కాళ్లు రెండూ దగ్గరికి తీసుకుని సీటు కింద మడిచి పెట్టుకున్నాను. నా వృత్తిలో అంత గర్వంగా ఎప్పుడూ కూర్చోలేదు. కాలితో ఏ పనీ లేకుండా కూర్చోవడమే మాలాంటివాళ్లకు పట్టాభిషేకం.

రెండో రోజు నుంచి వాళ్లిద్దరే వెళ్లారు. కానూరు దాటేటప్పుడు మా షట్టరు ముందు ఒక్కసారి హారను కొట్టి పోయేవాళ్లు. ఆరు వారాల పైన, సెలవులు తప్ప ఒక్కరోజు తప్పలేదు. ఒకసారి పొగమంచుకు లేటయితే నేను రోడ్డు మీదికి వచ్చి నిలబడ్డాను. అరగంట తర్వాత లైట్లు వేసుకుని, నెమ్మదిగా, ముందు బండికి బారెడు దూరం వదిలి వస్తూ కనిపించింది. చెయ్యి కూడా ఊపలేదు. స్టీరింగు మీద రెండు చేతులూ ఉంచమని నేర్పింది నేనే మరి.

ఆ తర్వాత నా పద్ధతి మార్చుకున్నాను. మొదటి రోజు కారు తాళం ఇవ్వను. ఎక్కడి నుంచి వచ్చారు, ఏ రోడ్డు మీద పెరిగారు, అక్కడ ఎవరికి దారి ఇస్తారు అని అడుగుతాను. కొండపల్లి నుంచి వచ్చిన ఒక కుర్రాయన కరెంటు ఫ్యాక్టరీ బూడిద లారీలకు దారి ఇచ్చి ఇచ్చి ఎడమ అంచుకే అలవాటుపడ్డాడని అలాగే తెలిసింది. గవర్నరుపేట సందుల్లో పెరిగిన ఒకావిడ ఎవరికీ దారి ఇవ్వదని కూడా. మనిషి స్టీరింగు ముందు కూర్చోక ముందే ఒక రోడ్డు మోసుకొస్తాడు. దాన్ని తెలుసుకోకుండా కొత్త రోడ్డు నేర్పడం కుదరదు. నేర్చుకునేవాళ్ల కాలు ఆగినప్పుడు దానికి భయమని పేరు పెట్టడం మనకు సులువు, ఎందుకంటే అప్పుడు తప్పు వాళ్లదవుతుంది.

మళ్లీ చెరుకు కోతలు మొదలైన రోజుల్లో ఒక ఫోను వచ్చింది. బొంగురుగా, కొంచెం గరగరగా, కానీ నిబ్బరంగా ఒక మగగొంతు. నేను ఎప్పుడూ వినని గొంతు.

"మాస్టారూ, నేనండీ. వీరయ్యని."

నాకు వెంటనే మాట రాలేదు. నాకు మాట రాకపోవడం మా ఇంట్లో చెప్పినా నమ్మరు.

"నాక్కూడా కారు నేర్పాలి మాస్టారూ. పొలం పని తగ్గించమన్నారు డాక్టర్లు. ఈ వయసులో వస్తదంటారా?"

"ఎందుకు రాదండీ? గేదెకే వచ్చింది. ముందు ఒక్కటి చెప్పండి. మీరు రోడ్డు మీద ఎవరికి దారి ఇస్తారు?"

ఆ కొత్త గొంతు నెమ్మదిగా, ఎవరికీ వినబడకూడదన్నట్టు అంది.

"ఇప్పుడా? మా ఆవిడకండీ."